బండ కింది గొంతు

పెద్దయ్య పిల్లలకు రాజుల కథలన్నీ చెప్పేవాడు, ఒక్కటి తప్ప.

తప్పిపోయిన గాడిదలను వెతుక్కుంటూ బయలుదేరిన సౌలు రాజై తిరిగి రావడం చెప్పేవాడు. రాజు ఎవరో తేల్చడానికి చీట్లు వేస్తే తన పేరే వచ్చిందని తెలిసి సౌలు సామాన్ల చాటున దాక్కున్నాడు కదా, ఆ ఘట్టం వచ్చినప్పుడు పెద్దయ్య తానే లేచి వెళ్లి డోలక్ వెనక, చుట్టిపెట్టిన చాపల మధ్య కూర్చునేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవారు. గొల్యాతు పడిపోవడం, దావీదు పేరు మారుమోగడం, అది విని సౌలు మనసు విరిగిపోవడం, ఈటె విసరడం, అన్నీ చెప్పేవాడు. అక్కడి నుంచి ఒక్క గెంతు గెంతి దావీదు పట్టాభిషేకం దగ్గర దిగేవాడు. మధ్యలో ఒక కథ మిగిలిపోయేది. దేవుడు తనతో మాట్లాడడం మానేశాక, దిక్కుతోచని సౌలు మారువేషం వేసుకుని ఒక సోదె స్త్రీ దగ్గరికి వెళ్లి, చనిపోయిన సమూయేలు ప్రవక్తను భూమిలోంచి పిలిపించుకున్న కథ.

"అదొక్కటి ఎందుకు చెప్పవు పెద్దయ్యా?" అని ఒకసారి అడిగాను.

"పొల్లగాండ్లకు జెప్పే కత గాదది. చెప్తే ఆఖరుదాంక జెప్పాలె కొడుకా. ఆఖరుదాంక నాతోని గాదు," అన్నాడు.

నాతో మాత్రం ఎందుకు కాదు అని మనసులో అనుకున్నాను. ఇదంతా అక్కడ మొదలైంది.

మాది వికారాబాద్. ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆదివారం పొద్దున్నే రైల్లో తాండూరు వెళ్లి, అక్కణ్ణుంచి కరణ్‌కోట దారిలో ఆటో పట్టుకుని, నాపరాయి గనుల పక్కన ఉన్న చిన్న మందిరానికి చేరేవాణ్ణి. అక్కడ సండే స్కూల్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. సంఘంలో ఉన్నవాళ్లంతా బండలు తీసేవాళ్లు, బండలు కోసేవాళ్లు, బండలు లారీలకెత్తేవాళ్లు. రేకుల కప్పు, నాపబండల నేల. ఆ నేల పరిచింది పెద్దయ్యే. నలభై ఏళ్లు గనిలో చేసిన మనిషి. ఆయన ఎవరికీ బంధువు కాకపోయినా అందరికీ పెద్దయ్యే. రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. రెండు చిన్న దగ్గులు, ఒక పొడుగాటి దగ్గు, ఆ తర్వాత లోపల ఎక్కడో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. ఆయన వస్తున్నాడని ముందు ఆ దగ్గు చెప్పేది.

నేను బాగా కథ చెబుతానని నాకు గర్వం. చదువుకున్నవాణ్ణి, గొంతు పెంచడం దించడం తెలిసినవాణ్ణి. కానీ నేను కథ చెబుతుంటే మధ్యలో ఏదో ఒక పిల్ల లేచి "సార్, పెద్దయ్య ఎప్పుడొస్తడు?" అని అడిగేది. నవ్వుతూనే జవాబిచ్చేవాణ్ణి. సౌలు ఈర్ష్య గురించి పిల్లలకు పాఠం చెప్పిన ఆదివారాల్లో కూడా అది నా గురించేనని నాకు ఎప్పుడూ తట్టలేదు.

పోయిన చలికాలం పెద్దయ్య మంచాన పడ్డాడు. చూడటానికి వెళ్లాను. ఆయన భార్య, అందరం అవ్వ అని పిలుస్తాం, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మనవరాలు గడపలో కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది. తొమ్మిదేళ్లు ఉంటాయి. నేను ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"పెద్దయ్యా, నాకు నేర్పు. ఒకవేళ ఆ సమూయేలు కథ చెప్పాల్సి వస్తే ఎట్ల జెప్తవు?"

ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు.

"నన్నెందుకు లేపినవ్? పండనియ్యవా?"

రెండు చిన్న దగ్గులు. ఒక పొడుగాటి దగ్గు.

"రేపు నువ్వు, నీ వాళ్లు నా తాన ఉంటరు."

పిల్లలు ఇది వింటే నోరు తెరుచుకుని ఉండిపోతారు అనుకున్నాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆ స్త్రీ ఏం చేసింది, సౌలు ఏం చేశాడు, మెల్లగా చాలాసేపు చెప్పాడు. నాకు కావలసింది దొరికింది. మిగతాది నేను వినలేదు. జేబులో చెయ్యి పెట్టి రికార్డింగ్ ఆపేశాను.

ఎండలు ముదరకముందే ఆయన పోయాడు. సమాధి తవ్వినప్పుడు మూడడుగుల కిందే బండ తగిలింది. ఆయన కొడుకూ తోటి పనివాళ్లూ ఉలి సుత్తెలు తెచ్చి పొర తీశారు. మనవరాలు అంతసేపూ గుంత అంచున నిలబడి చూసింది.

మే నెలలో పిల్లలకు వి.బి.ఎస్. పెట్టాం. వేసవి సెలవుల్లో పొద్దుటిపూట పది రోజులు జరిగే బైబిలు బడి. ఈసారి నేనొక్కణ్ణే పెద్ద. అంశం ఇశ్రాయేలు తొలి రాజులు. పాత పద్ధతి ఒకటుంది, ఏ రోజు కథ ఆ రోజు పూర్తి చేయకుండా ఉత్కంఠ దగ్గర ఆపి "మిగతాది రేపు" అంటాం. మర్నాడు పిల్లలు తప్పకుండా వస్తారు. ఎనిమిదో రోజు నేను ఆ చెప్పకూడని కథ పెట్టాను.

ఏమేం చేశానో దాచకుండా రాస్తాను. వేదిక ముందున్న బండల్లో ఒకటి బోలుగా మోగుతుంది. కింద మట్టి కుంగి ఖాళీ ఏర్పడింది. దాన్ని లేపి, ఆ ఖాళీలో నా చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టి మళ్లీ బండ కప్పాను. కిటికీలకు నల్ల టార్పాలిన్ కట్టాను. సిమెంటు కంపెనీ గనిలో మధ్యాహ్నం మందు పేలుస్తారు, ఆ సమయానికి మా రేకులు గలగలలాడతాయి. అందుకని ఆ రోజు పిల్లలను పదకొండున్నరకు వదలకుండా ఆటలతో ఆలస్యం చేశాను. సౌలు వేషం నేను వేసుకున్నాను. సోదె స్త్రీ వేషం పెద్దయ్య మనవరాలికి ఇచ్చాను. అందరికంటే బాగా అప్పజెప్పే పిల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. చనిపోయినవాడి గొంతును వాడి మనవరాలి చేతే పిలిపిస్తున్నానన్న ఆలోచన ఒక్కసారి వచ్చింది. వచ్చి పోయింది.

చీకట్లో నలభై మంది పిల్లలు. చెమట వాసన, టార్పాలిన్ వేడికి కాలుతున్న వాసన. నేను దుప్పటి ముసుగేసుకుని మోకాళ్ల మీద ఉన్నాను. ఆ పిల్ల బండ ముందు నిలబడి, నేర్పినట్టే రెండు చేతులూ చాచి పిలిచింది.

"సమూయేలూ, పైకి రా."

"సమూయేలూ, పైకి రా."

మూడోసారి పిలవగానే దుప్పటి లోపల ఫోన్ నొక్కాను.

"నన్నెందుకు లేపినవ్? పండనియ్యవా?"

రాయి గుండా వచ్చేసరికి ఆ గొంతు మారిపోయింది. నేను విన్న గొంతు కాదు. అది బండ లోంచి కాదు, మా అందరి కాళ్లలోంచి వస్తున్నట్టుంది. తర్వాత దగ్గు వచ్చింది. ఆ దగ్గును కోసేయగలిగేవాణ్ణే. నిజంగా ఉంటుందని ఉంచాను.

ఆ పిల్ల అరవలేదు. చాచిన చేతులు కిందికి దించి, నేల వైపు వంగి, ఇంట్లో పిలిచినట్టుగా నెమ్మదిగా అడిగింది.

"తాతా?"

"రేపు నువ్వు, నీ వాళ్లు నా తాన ఉంటరు."

అప్పుడే గనిలో మందు పేలింది. రేకులు ఊగాయి. పైనుంచి సన్నగా దుమ్ము రాలింది. బండ అంచు అరిగిన చోట టక్కున మోగింది. చిన్నవాళ్లు ఏడుపు అందుకున్నారు. నేను ముసుగు తీసి, గెలిచినవాడిలా నిలబడి అన్నాను: "మిగతా కథ రేపు."

బయట పాస్టర్ అయ్యగారు నా భుజం తట్టాడు. "మస్తు జేసినవ్ బ్రదర్. నాకే చెమటలు వట్టినయ్. అదెట్ల జేసినవ్?"

"దేవుని కృప అయ్యగారూ," అన్నాను.

ఆ రేపు రాలేదు. ఎండ మరీ ఎక్కువైందని సంఘ పెద్దలు మర్నాటి నుంచి బడి ఆపేశారు. నేను వికారాబాద్ వెళ్లిపోయాను.

ఆదివారం నేను వచ్చేసరికి ఆరాధన ఇంకా మొదలు కాలేదు. మందిరంలో ఆ పిల్ల ఒక్కతే ఉంది. బోలు బండ మీద పక్కకు తిరిగి పడుకుని, చెవి రాతికి ఆనించి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏం చేస్తున్నవమ్మా?"

"తాత పండుతలేడు సార్," అంది లేవకుండానే. "దగ్గుతున్నడు."

స్పీకర్ అప్పటికే నా సంచిలో ఉంది. బడి ఆపేసిన రోజే తీసేశాను.

ఆరాధన అయ్యాక ఆమె తండ్రి నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. పెద్దయ్య కొడుకు, గనిలో బండలు తీసే మనిషి. ఎక్కువ మాట్లాడడు.

"సార్, బిడ్డ నన్ను గనిలకు దిగనిస్తలేదు. పొద్దుగాల లేస్తే చెప్పులు దాస్తది. బండి తాళంచెవి బియ్యంల పెట్టింది మొన్న. ఏమైందే అంటే, రేపు మనం తాత కాడికి పోతం అంటది. రేపు ఎప్పుడే అంటే, రేపే అంటది. మస్తు పరేషాన్ అయితుంది సార్."

"తింటుందా?"

"ఏం తింటది? మా అవ్వ కొట్టి తినిపిస్తే రెండు బుక్కలు." అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరంటే దానికి గౌరవం. జర ప్రార్థన చెయ్యుండ్రి."

ఒక్క వాక్యంతో తేలిపోయే సంగతి. అది నా నోటి దాకా వచ్చింది. దాంతోపాటు అతని ముఖం ఎలా మారుతుందో కూడా కళ్ల ముందుకొచ్చింది. నీ తండ్రి మంచం మీద ఉండగా దొంగతనంగా రికార్డు చేశాను, ఆయన వద్దన్న కథకే వాడుకున్నాను అని చెప్పాలి. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. భయపు ఆత్మను గద్దించాను. మంచి మాటలే వచ్చాయి. అందరూ ఆమెన్ అన్నారు. మధ్యలో కళ్లు తెరిచి చూస్తే ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు. నా ముఖంలోకి చూస్తోంది.

ఆ సాయంత్రం రైల్లో ధారూర్ దాటుతుండగా ఫోన్ తీసి ఆ రికార్డింగ్ చెరిపేశాను. అది ఉండకపోతే నేను చేసిందీ ఉండదనుకున్నాను.

ఇంకో రెండు ఆదివారాలు గడిచాయి. ఊళ్లో సంగతి పాకింది. ఆ బండ మీద ఎవరూ అడుగు వేయడం లేదు. పాట పాడేవాళ్లు కూడా దాన్ని చుట్టి వెళ్లి వేదిక ఎక్కుతున్నారు. ఎవరో దాని మీద నాలుగు బంతిపూలు పెట్టారు. మందిరానికి రాని వాళ్లు కూడా వచ్చి చెవి ఆనించి విని పోతున్నారు, వాళ్లలో ఒకామె తనకు కన్నడంలో వినిపించిందని చెప్పింది. జనం పెరిగారని అయ్యగారు సంతోషపడ్డాడు. నేను నోరెత్తలేదు.

ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక తాళం వేయడానికి లోపలికి వెళ్లాను. కప్పు కింద వేడి కదలకుండా నిలిచి ఉంది. బయట నీడ అన్నదే లేదు. అప్పుడు విన్నాను. రెండు చిన్న దగ్గులు, ఒక పొడుగాటి దగ్గు. ఎక్కడినుంచో తెలియలేదు. నేనే పెట్టి, నేనే తీసి, నేనే చెరిపేసిన గొంతు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని బయటికి చూశాను. నల్లా దగ్గర ఒక ముసలాయన బిందె నింపుకుంటున్నాడు. ఆయనే దగ్గి ఉండాలి. ఆ ఊళ్లో గనిలో పనిచేసిన ముసలివాళ్లందరి దగ్గూ ఒకేలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అయినా తాళం వేసేటప్పుడు లోపలికి వీపు తిప్పలేకపోయాను.

గుమ్మం బయట ఆ పిల్ల ఉంది. చిక్కిపోయి కళ్లు పెద్దవిగా కనిపిస్తున్నాయి.

"సార్, ఒకటి అడుగుతా. సమూయేలును పిలిచినామె ఉన్నది గదా. ఆమెను గూడ తీస్కపోయిండా?"

"ఎందుకమ్మా?"

"నేనే గదా తాతను పిలిచింది. నేను పిలువకపోతే పండుకునేటోడు. నాయిన తప్పు లేదు గదా. నన్నొక్కదాన్నే తీస్కపొమ్మని రోజు చెప్తున్న. ఇంటలేడు."

ఇంతకాలం ఆమె భయపడుతోందనే అనుకున్నాను. తనవల్లే జరిగిందని, తండ్రికి బదులు తానే పోతానని రోజూ ఆ రాతితో బేరమాడుతోందని తెలియదు. ఆ మాట విన్నాక కూడా నేను వెంటనే చెప్పలేదు. రాత్రంతా పడుకోలేదు అని రాస్తే బాగుంటుంది, కానీ పడుకున్నాను. మర్నాడు కూడా, దాని మర్నాడు కూడా. ఆ వారమంతా పట్టింది.

ఆ తర్వాతి ఆదివారం, ఎవరి అనుభవాలు వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. అందరూ స్తోత్రం అన్నారు. స్పీకర్ సంచిలోంచి తీసి వేదిక మీద పెట్టి, జేబులో ఫోన్ పెట్టుకున్న దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు "సచ్చినోని నోరు గూడ దొంగతనం జేస్తరా?" అంది. పెద్దయ్య కొడుకు లేచి నా దాకా వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. స్పీకర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేశాడు.

"బిడ్డా, ఇన్నవా? తాత గాదు, ఇది," అన్నాడు.

ఆ పిల్ల ముందుకొచ్చింది. "అయితే మళ్ల వినిపియ్యి సార్."

"లేదమ్మా. చెరిపేసిన."

ఆమె తండ్రి వైపు తిరిగింది. పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడినట్టుగా అంది. "నేను భయపడుతున్ననని సార్ అబద్ధం జెప్తుండు నాయినా."

నిజం చెప్పడానికి నేను తీసుకున్న నెల రోజుల్లో ఆ నిజానికి విలువ పోయింది. అప్పుడు అవ్వ లేచింది. చీర కొంగు బొడ్లో దోపుకుని మనవరాలి ముందుకొచ్చి నిలబడింది.

"ఏమే, మీ తాత బతికున్నన్నాళ్లు నేను చెంబెడు నీళ్లు మొకం మీద గొడితే లేచెటోడు గాదు. అసొంటోడు నువ్వు మూడుసార్లు పిలిస్తే లేస్తడా? నీకు మస్తు భ్రమ ఉన్నది మీ తాత మీద."

కొందరు నవ్వారు. ఆ పిల్ల పెదవి కూడా కొంచెం కదిలింది. తండ్రీ ఇంకొకాయనా గడ్డపార పెట్టి బోలు బండ లేపారు. కింద ఎండిన మట్టి, స్పీకర్ ఆనిన గుండ్రటి గుర్తు, ఒక జెర్రి. ఇంకేం లేదు. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి మూల మూలా తడిమింది. లేచేసరికి ముఖంలో నవ్వు లేదు.

"ఈడ లేడు," అంది. "అయితే గని కాడికి పోయిండు. నాయిన కోసం ఆడ కూసున్నడు."

బండ తీసి చూపిస్తే తేలిపోతుందనుకున్నాం. ఖాళీగా ఉండటమే ఆమెకు ఎక్కువ భయమైంది.

"ఏం జేస్తే నమ్ముతవమ్మా?" అని అడిగాను.

ఆమె ఆలోచించలేదు. ముందే అనుకుని ఉన్నట్టుంది. "నాయినతోటి నువ్వు గూడ గనిలకు దిగు. అబద్ధం గాకపోతే దిగు."

మర్నాడు పొద్దున ఏడింటికి దిగాను. బడులు తెరవడానికి ఇంకా వారం ఉంది. రాత్రికి అయ్యగారింట్లో ఉండేలా మాట్లాడుకున్నాను.

బయటి నుంచి చూస్తే గని ఒక పెద్ద గుంత. లోపల అది పుస్తకంలా పేర్చిన రాయి, పొర మీద పొర. అడుగున పచ్చటి నీళ్లు. కోత మిషన్లు మొదలైతే ఒకరి మాట ఒకరికి వినపడదు. పనివాళ్లు నన్ను చూసి మొదట్లో ఎగతాళి చేశారు.

"ఏం సారూ, పలక బలపం తెచ్చుకున్నవా?"

"సారును దుప్పటి గప్పి గాడ కూసోవెట్టుండ్రి, బండలు వాటంతట అవే లేస్తయ్!"

పెద్దయ్య కొడుకు నవ్వలేదు. నాతో మాట్లాడలేదు. ఎక్కడ నిలబడాలో వేలితో చూపించాడు, అంతే. నేను బండలు కోయగా రాలిన ముక్కలు, వాళ్లు చెక్కు అంటారు, ఏరి తట్టలో వేస్తూ ఉన్నాను. పైన గని అంచున తుమ్మచెట్టు కింద అవ్వ, ఆ పిల్ల. పిల్ల గొడుగు వేసుకోకుండా మా వైపే చూస్తూ నిలబడి ఉంది.

పన్నెండింటికి మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి నేను సిద్ధంగా లేను. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మా పక్కనున్న పొరలోంచి ఏదో టక్కుమంది. కాసేపటికి ఇంకోటి, కొంచెం పైన. ఎవరో లోపలినుంచి వేళ్లతో తట్టుకుంటూ వెళుతున్నట్టు. నేను లేచి నిలబడ్డాను.

"బండ ఊపిరి తీస్తది ఎండకు," అన్నాడు అతను. ఆ రోజు నాతో అన్న మొదటి మాట అది. "రోజు ఉండేదే."

రోజూ ఉండేదే కావచ్చు. నేను మాత్రం తల పైకెత్తి, వేలాడుతున్న ప్రతి అంచునూ లెక్క చూసుకుంటున్నాను. నువ్వు, నీ వాళ్లు. ఆ మాట రికార్డు చేసిన చెయ్యి నాది, నొక్కిన వేలు నాది. అయినా ఆ పిల్ల ఎంత నమ్మిందో ఆ గుంతలో నేనూ అంతే నమ్మాను. అంతలో కంపెనీ గనిలో మందు పేలింది. అడుగున ఉన్న పచ్చనీళ్ల మీద సన్నటి వలయాలు, మధ్యలోంచి కాదు, నాలుగు అంచుల నుంచీ లోపలికి వచ్చాయి. నేను అతని చొక్కా పట్టుకున్నాను. అతను నా చేతిని చూసి, విడిపించుకోకుండా, అన్నం తినమన్నాడు.

సాయంత్రం ఇద్దరం పైకి ఎక్కాం. ఆ పిల్ల తండ్రిని ముట్టి చూసింది. నన్ను ముట్టలేదు.

"మళ్ల రేపు," అంది.

రెండో రోజు మధ్యాహ్నం పైకి వెళ్లి తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. అవ్వ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చింది. ఆ పిల్ల నా ముందు కూర్చుంది.

"సార్, ఆ సమూయేలును పిలిచినామె తర్వాత ఏం జేసింది? మిగతాది రేపు అన్నవు, మళ్ల చెప్పలే."

చెప్పాను. సౌలు నేల మీద పడిపోయాడని, పగలూ రాత్రీ ఏమీ తినలేదని, ఆ స్త్రీ అతన్ని బతిమిలాడిందని, అతను వద్దన్నా వినకుండా ఇంట్లో ఉన్న ఒక్క కొవ్విన దూడను కోసి, పిండి పిసికి రొట్టెలు కాల్చి, కూర్చోబెట్టి తినిపించిందని.

"ఆమెకు భయం గాలేదా?"

"అయ్యే ఉంటది."

"భయమైనా రొట్టెలు జేసిందా?"

అవ్వ గిన్నె మీద మూత పెట్టింది. "మీ తాత ఆ కత నాకు జెప్తుండె. రొట్టెల కాడికి రాంగనే ఏడుస్తుండె. ఎన్నిసార్లు చెప్పినా గాడనే. పొల్లగాండ్ల ముందట ఏడిస్తే బాగుండదని వాళ్లకు చెప్పకపోతుండె."

ఆయన మంచం మీద చెప్పింది అదే అయి ఉంటుంది. ఆ గదిలో ఆయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు. నేను జేబులో ఫోన్ చూసుకుంటున్నాను.

ఆ పిల్ల రొట్టె తుంచి చేతిలోనే పెట్టుకుంది. "మరి సౌలు తెల్లారి సచ్చిండా లేదా?"

తండ్రి నా వైపు చూశాడు. అబద్ధం చెప్పమనే అతని కళ్లు అడిగాయి. అవ్వ కూడా నా వైపు చూసింది.

"సచ్చిండు," అన్నాను. "కొడుకులు గూడ సచ్చిండ్రు."

గాలి లేదు. కింద గుంతలో ఎక్కడో బండ టక్కుమంది. ఆ పిల్ల చేతిలోని తునక నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. నమిలి మింగాక అడిగింది.

"అంటే కతల ఉన్నది ఉన్నట్టు జెప్తున్నవా ఇప్పుడు?"

"ఆ."

"మందిరంల చెప్పింది గూడ?"

"అది గూడ."

ఆ రోజు రెండు రొట్టెలు తింది. అవ్వ చూడనట్టు అటు తిరిగి కూర్చుంది.

మూడో రోజు, నాలుగో రోజు, అయిదో రోజు దిగాను. నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. సాయంత్రం దగ్గితే తెల్లటి దుమ్ము వచ్చేది. నా దగ్గు నాకే కొత్తగా ఉండేది. మధ్యాహ్నపు నిశ్శబ్దానికి మాత్రం చివరిదాకా అలవాటు పడలేదు. పాస్టర్ అయ్యగారు ఒక సాయంత్రం, ఇక కథలు వేరే వాళ్లు చెబుతారని మర్యాదగా చెప్పాడు. మంచిదే అన్నాను. నిజంగానే అన్నాను.

నాలుగో రోజు గొడుగు వచ్చింది. అయిదో రోజు ఆ పిల్ల చెట్టు కింద వేరే పిల్లలతో గచ్చకాయలు ఆడుతూ, మధ్యమధ్య తల తిప్పి చూసింది. ఆరో రోజు గని అంచున ఎవరూ లేరు. పన్నెండింటికి మిషన్లు ఆగినప్పుడు నేను పైకి చూశాను, అతనూ చూశాడు. ఖాళీ ఆకాశం. ఆమె కళ్లు మా మీద లేకపోవడంతో నాకు ఎక్కువ భయమేసింది. అతను మాత్రం నా తట్ట అందుకుని, తన సద్దిలోంచి సగం నాకు పెట్టాడు.

శనివారం కదా, వికారాబాద్ వెళ్లే ముందు సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి ఆ పిల్ల వాకిట్లో గిన్నెలు తోముతోంది. తల ఎత్తలేదు.

"నాయినా, సారును రేపటి సంది రావొద్దను."

"ఎందుకే?"

"సారు చెక్కు ఏరుతుంటే తొవ్వకు అడ్డమొస్తుండంట. పని జేయించే ముకద్దం తిడుతుండని అవ్వ జెప్పింది. నీ పని సగమే అయితుందంట."

అతను నా వైపు చూడకుండా ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ఆమె ఇంకో గిన్నె తీసుకుని బూడిద అద్దింది.

"నీ రైలు ఎన్ని గంటలకు?"

"ఆరున్నరకు."

"పో మరి," అంది. "ఆటోలు దొరకయ్."